తక్కువ వేగంలో కారు ఎందుకు కుదుపుతుంది?

బజారు మలుపు తిరిగి, వేగం బాగా తగ్గిన తరువాత, గేరు మార్చకుండానే యాక్సిలరేటరును మెల్లగా నొక్కితే కొన్ని పాతకార్లు తిన్నగా సాగవు. ముందుకు ఉరికి, వెనుకకు లాగి, మళ్ళీ ఉరుకుతాయి. లోపల కూర్చున్నవారి తలలు ఊగుతాయి. గంటకు 40 కిలోమీటర్లు దాటేసరికి కుదుపు మాయమవుతుంది. కదిలేది కారంతా గనుక లోపం క్లచ్చిలోనో గేరుపెట్టెలోనో ఉన్నదని తలచి, గేరుపెట్టెను దింపించి వేలకొద్దీ రూపాయలు ఖర్చుపెట్టేవారు ఉన్నారు. అంత ఖర్చయిన తరువాత, దోషం వేలెడంత తీగముక్కలో బయటపడడం కద్దు. కుదుపు పుట్టే చోటు ఒకటి, అది పెద్దదయ్యే చోటు మరొకటి. ఈ రెంటినీ వేరుచేసి చూడడమే రోగనిర్ణయం.

1957 నుండి 2014 వరకు మన దేశంలో తయారైన అంబాసిడర్ కారును ఉదాహరణగా తీసుకోవచ్చు. దాని పాత పెట్రోలు ఇంజనులో నాలుగు సిలిండర్లు. ఇంజను ముందు, నడిచే చక్రాలు వెనుక. నడుమ క్లచ్చి, గేరుపెట్టె, పొడుగాటి ప్రొపెల్లర్ షాఫ్టు, వెనుక ఇరుసు. ఇంజను శక్తి సన్నని ధారగా రాదు; దెబ్బలు దెబ్బలుగా వస్తుంది. ఒక్కొక్క సిలిండరులో రెండు భ్రమణాలకు ఒకసారి పెట్రోలు మండుతుంది. ఇంజను నిమిషానికి 900 సార్లు తిరుగుతూంటే నాలుగు సిలిండర్లూ కలిసి సెకనుకు 30 దెబ్బలు కొడతాయి. ఒక్క సిలిండరు సరిగా మండకపోతే? సెకనుకు ఏడెనిమిది సార్లు ఒక దెబ్బ తప్పిపోతుంది. ఇంజను 3000 సార్లు తిరిగేటప్పుడు అదే తప్పు సెకనుకు 25 సార్లు జరుగుతుంది.

ఈ అంకెల ప్రాముఖ్యం తెలియాలంటే కావడి మోసేవానిని తలచుకోవాలి. అడుగు వేసినప్పుడల్లా కావడిబద్ద వంగి లేస్తుంది. ఆ బద్దకు, బిందెల బరువుకు తగిన ఊపు ఒకటి ఉంటుంది. దానిని సహజ పౌనఃపున్యం అంటారు. మోసేవాని అడుగు ఆ ఊపుతో సరిగ్గా కలిస్తే బిందెలు ఎగిరెగిరి పడి నీళ్ళు తొణుకుతాయి. అనుభవం కలవాడు అందుకే అడుగు మారుస్తాడు. ఇదే అనునాదం.

కారులోను అట్టి బద్ద ఒకటి ఉన్నది. ఉక్కు షాఫ్టులు చూపుకు గట్టివే గాని, బలం పడితే అవి కూడ కొంచెం మెలితిరుగుతాయి. టైర్ల ప్రక్కలు సాగుతాయి, ఇంజను క్రింది రబ్బరు దిమ్మలు అణుగుతాయి. ఇవన్నీ కలిసి ఒక స్ప్రింగు. దాని ఒక కొసను బరువైన ఫ్లైవీలు, మరొక కొసను యావత్తు కారు. గేరును బట్టి ఈ అమరిక సెకనుకు సుమారు 2 నుండి 8 సార్లు ఊగుతుంది. 900 భ్రమణాల దగ్గర సిలిండరు తప్పే లెక్క ఏడెనిమిదే కదా! రెండూ కలిసినచోట చిన్నలోపం పెద్దకుదుపు అవుతుంది. 3000 దగ్గర తప్పు సెకనుకు 25 సార్లు జరిగినా బరువైన కారు ఆ త్వరకు లొంగదు.

ఫ్లైవీలు కూడ తక్కువ వేగంలో తోడ్పడలేదు. దానిలో నిలువ ఉండే శక్తి వేగం యొక్క వర్గాన్ని బట్టి మారుతుంది. వేగం 3000 నుండి 900కు దిగితే నిలువశక్తి దాదాపు పదకొండవ వంతుకు పడిపోతుంది. దెబ్బకూ దెబ్బకూ నడుమ లోటు పూడ్చే శక్తి అప్పుడు దానికి చాలదు. అందుచేత నిక్షేపంలాంటి ఇంజను కూడ నాలుగవ గేరులో మరీ మెల్లగా నడిపితే మూలుగుతుంది. అది రోగం కాదు. గేరు దించితే పోతుంది.

ఇక పరీక్షలు. నిర్జనమైన సమతలపు రోడ్డు మీద కుదుపు వస్తుండగా క్లచ్చి నొక్కాలి. ఇంజను ఒంటరిగా కూడ తడబడుతూ ఉంటే దోషం దానిదే. తరువాత అదే రోడ్డువేగంలో ఒక గేరు దించి చూడాలి. కుదుపు పూర్తిగా పోతే అది ఇంజను వేగానికి సంబంధించినది. ఏ గేరులోనైనా అదే రోడ్డువేగం దగ్గర వస్తుంటే చక్రాలను, ప్రొపెల్లర్ షాఫ్టును అనుమానించాలి. ఒక్కటి మార్చి తక్కినవి మార్చకుండా ఉంచే ప్రయోగశాల పద్ధతే ఇది. రెండు మూడు భాగాలు ఒకేసారి మార్చి, కారు బాగుపడిందని సంతోషించేవానికి లోపం ఎందులో ఉండినదో ఎన్నటికీ తెలియదు.

ఇంజను దోషమని తేలితే ఏ సిలిండరుదో చూడాలి. మెకానిక్కు ఒక్కొక్క స్పార్క్ ప్లగ్గు తీగను వరుసగా తప్పించి, ఆ తీగ కొసను ఇంజను లోహానికి కలిపి, ఇంజనును నడిపి వింటాడు. మంచి సిలిండరును తప్పిస్తే ఇంజను ఇంకా కుంటుతుంది. ఏ సిలిండరును తప్పించినా తేడా లేదో అదే పనిచేయనిది. దాని ప్లగ్గును పొరుగు సిలిండరు ప్లగ్గుతో మార్చి మళ్ళీ చూడాలి. దోషం ప్లగ్గు వెంట పోయిందా, సిలిండరులోనే ఉండిపోయిందా? (ప్లగ్గుకు చేరే విద్యుత్తు వేల వోల్టులది, విద్యార్థులు దీనిని చూడవచ్చునే గాని చేయరాదు.)

అన్ని సిలిండర్లూ సమానంగా తడబడితే గాలి లీకును వెదకాలి. ఒకపాలు పెట్రోలుకు తూకంలో సుమారు 15 పాళ్ళు గాలి కావాలి. ఇంజను మెల్లగా నడిచేటప్పుడు కార్బ్యురేటర్ తలుపు దాదాపు మూసి ఉండి, లోనికి పోయే గాలి కొద్దిగానే ఉంటుంది. అప్పుడు మానిఫోల్డు అతుకులో వెంట్రుకంత సందు ఉన్నా మిశ్రమం పలచబడి మండదు. తలుపు బాగా తెరిస్తే ఆ సందునుండి వచ్చే గాలి లెక్కలోనికే రాదు.

అన్నిటికంటె మోసపుచ్చే లోపం డిస్ట్రిబ్యూటర్ లోపల ఉంటుంది. అక్కడి పాయింట్ల పళ్ళెం, ఇంజను పీల్పుకు అనుగుణంగా అటు ఇటు కొంచెం తిరుగుతుంది. దానికి కలిపిన మెత్తని తీగ ఏళ్ళ తరబడి వంగి వంగి, పైతొడుగు చెక్కుచెదరకుండానే లోపల తెగుతుంది. నిలబడి ఉన్న కారులో కొసలు తాకుతూ ఉండి ఇంజను చక్కగా నడుస్తుంది. యాక్సిలరేటరు కొంచెం నొక్కి పళ్ళెం తిరగగానే కొసలు విడిపోతాయి. పీల్పుగొట్టాన్ని ఊడదీసి, ఇంజను వైపు రంధ్రం మూసి, కారు నడిపితే కుదుపు మాయమైందా, ఆ తీగనో అరిగిన పళ్ళాన్నో పట్టుకొన్నట్లే.

ఇంజను నిర్దోషి అయితే మిగిలినది త్వరగానే చూడవచ్చు. చక్రాలకు దిమ్మలు వేసి, ఇంజను ఆపి, గేరు తీసి, ప్రొపెల్లర్ షాఫ్టును చేతితో అటు ఇటు త్రిప్పాలి. కొద్ది వదులు సహజం. కీళ్ళు టక్కుమంటే అరిగినవన్నమాట. రబ్బరు దిమ్మలు నూనె పట్టి మెత్తబడితే ఇంజనే ఊగుతుంది. బయలుదేరేటప్పుడు మాత్రమే వణుకు వచ్చి, కారు సాగగానే పోతే నూనె అంటిన క్లచ్చి పలకను తలచుకోవాలి.

ఇవన్నీ సరిగా ఉన్నా, మొదటి గేరులో, రద్దీలో, కారు ఇంకా గెంతుతూంటే డ్రైవరు కాలిని చూడాలి. కారు ముందుకు ఉరికితే దేహం వెనుకకు వాలి, పాదం యాక్సిలరేటరు మీదినుండి తేలుతుంది. కారు తగ్గితే దేహం ముందుకు తూగి పాదం మళ్ళీ నొక్కుతుంది. అలా ఊపుకు ఊపు తోడవుతూ పోతుంది. మడమను నేలకు గట్టిగా ఆనించి, క్లచ్చిని ఒక్క క్షణం కొద్దిగా నొక్కితే ఆ గొలుసు తెగి కారు కుదుటపడుతుంది.