తొలి ఆటపెట్టె

సాయంత్రం ఏడు దాటిన తరువాత ప్రగతి నగర్ చెరువు గట్టున నిలబడి చూస్తే, చుట్టూ ఉన్న అపార్టుమెంట్ల కిటికీలలో నీలికాంతి కదలాడుతూ కనిపిస్తుంది. కొన్ని ఇళ్ళలో అది టీవీ ధారావాహిక. కొన్నింటిలో హైటెక్ సిటీ నుండి వెంట వచ్చిన కార్యాలయపు పని. మరికొన్నింటిలో పసివాడి చేతిలోని సెల్‌ఫోను. ఒకప్పుడు నగరపు అంచున ఉన్న కాలనీ ఇది. 2019లో బాచుపల్లి, నిజాంపేటలతో కలిసి నగరపాలక సంస్థలో భాగమయ్యేనాటికే ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల కుటుంబాలు విరివిగా స్థిరపడ్డాయి. ఉద్యోగాలు చేసే తల్లిదండ్రులు, ఊరి నుండి వచ్చిన నాయనమ్మ, ఇంటర్మీడియట్ చదువుతున్న అక్క, ఆరేళ్ళ తమ్ముడు ఉన్న ఇంట్లో ఏదో ఒక పుట్టినరోజుకు ముందు ఒక ప్రశ్న తలెత్తక మానదు: వీడికి వీడియోగేమ్ కొనాలా? కొంటే ఏది కొనాలి? తండ్రి ఈ ప్రశ్నను ముందుగా స్నేహితులను అడుగుతాడు, తరువాత దుకాణదారుణ్ణి అడుగుతాడు, చివరకు ఇంట్లో ఉన్న ఇంటర్ విద్యార్థిని అడుగుతాడు. అంటే మిమ్మల్నే. అరలక్ష రూపాయల ఖర్చు, ఒక పసివాడి సాయంకాలాలు మీరు చెప్పే మాటపై ఆధారపడి ఉన్నాయి కనుక, ఆ మాట చెప్పే ముందు కొంత తెలుసుకోవడం మంచిది.

టీవీకి తగిలించి, చేతిమీటలతో ఆడుకునే యంత్రాన్ని కన్సోల్ అంటారు. మనం దానిని ఆటపెట్టె అందాం. చేతిలోని మీటను కంట్రోలర్ అనడం అందరికీ అలవాటే. ఫోను ఉండగా వేరే పెట్టె ఎందుకని నాయనమ్మ అడుగుతుంది. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఫోనులో ఆడే పిల్లవాడు దుప్పటి కింద కూడా ఆడగలడు. వాడు ఏమి చూస్తున్నాడో పక్కనున్నవారికి తెలియదు. ఉచితంగా లభించే ఆటలలో నిమిషానికొక ప్రకటన వస్తుంది. టీవీకి తగిలించిన ఆటపెట్టె హాలులో ఉంటుంది, అందరికీ కనిపిస్తుంది, వినిపిస్తుంది. వంటింట్లో పోపు వేస్తున్న అమ్మకు కూడా తుపాకుల మోత వినిపించిందో, పాట వినిపించిందో తెలుస్తుంది. నా దృష్టిలో ఆటపెట్టెకున్న మొదటి సుగుణం ఇదే. దానిని పిల్లవాడి పడకగదిలో పెట్టిననాడు ఆ సుగుణం పోతుంది.

ఈ యంత్రం పుట్టుకను గమనిస్తే ఒక ఆసక్తికరమైన విషయం తెలుస్తుంది. ఇళ్ళలో టీవీకి తగిలించి ఆడుకునే తొలి ఆటపెట్టె 1972లో అమెరికాలో విడుదలైన మాగ్నవాక్స్ ఒడిస్సీ. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన రాల్ఫ్ బేర్ అనే ఇంజనీరు దాని సృష్టికర్త. దానిలో శబ్దం లేదు, రంగులు లేవు. తెరపై కొన్ని తెల్లని చుక్కలు కదిలేవి, అంతే. రంగుల బొమ్మలున్న పలుచని ప్లాస్టిక్ తెరను టీవీ అద్దానికి అంటించుకొని ఆడేవారు. పెట్టెతో పాటు పాచికలు, పేకముక్కలు, ఉత్తుత్తి నోట్లు కూడా ఇచ్చేవారు. లెక్క వ్రాసుకొనడం ఆటగాళ్ళ పనే. ఎదుటి పక్షాన నిలిచి ఆడే తెలివి ఆ యంత్రానికి లేదు. అందుచేత దానిలోని ఆటలలో అధికభాగానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చేది. పెట్టెలో రెండు కంట్రోలర్లు ఉండేవి.

1889లో జపానులోని క్యోటో నగరంలో చేతితో చిత్రించిన పేకముక్కలు తయారుచేసే దుకాణంగా మొదలైన నింటెండో సంస్థ, 1983లో 'ఫామికామ్' అనే ఆటపెట్టెను విడుదల చేసింది. దానికీ రెండు కంట్రోలర్లే, అవికూడా ఊడదీయడానికి వీలులేకుండా తీగలతో పెట్టెకే అతికించినవి. రెండవ దానిలో చిన్న మైకు సైతం ఉండేది. 1994లో జపానులో సోనీ సంస్థ ప్లేస్టేషన్ విడుదల చేసేనాటికి పరిస్థితి మారింది. పెట్టెలో ఒకే కంట్రోలర్. రెండవది కావాలంటే వేరుగా కొనుక్కోవాలి. యంత్రానికి తెలివి పెరిగింది, ఇక రెండో మనిషి లేకున్నా ఆట సాగిపోతుంది. పసివాడికి తొలి ఆటపెట్టె కొనేవారు మాత్రం మళ్ళీ ఆ పాత పద్ధతికే వెళ్ళాలని నా అభిప్రాయం. సొమ్ము పరిమితమైతే ఖరీదైన పెట్టెకు బదులు ఒక మెట్టు తక్కువ దానిని తీసుకొని, మిగిలిన దానితో రెండవ కంట్రోలర్ కొనాలి. అది లేనిదే పక్కన కూర్చున్న మనిషి ప్రేక్షకుడు మాత్రమే అవుతాడు. ప్రేక్షకుడికి పది నిమిషాలలో విసుగు పుట్టి లేచిపోతాడు, పిల్లవాడు ఒంటరిగా మిగులుతాడు.

హైదరాబాదు నగరానికి కూడా ఈ చరిత్రలో కొంత స్థానం ఉంది. 1990లలో ఫామికామ్‌కు అనుకరణలు 'సమురాయ్', 'లిటిల్ మాస్టర్' వంటి పేర్లతో మన బజారులలోకి వచ్చాయి. క్యాసెట్టుపై లక్షలకొద్దీ ఆటలున్నట్లు ముద్రించి, లోపల పదీ పదిహేను ఆటలనే పేర్లు మార్చి నింపేవారు. కొనలేనివారు వీధి చివరి పార్లరులో గంటకు ఇంతని చెల్లించి ఆడేవారు. మీ తండ్రిగారిని అడగండి, చదువు మానుకొని అక్కడ గడిపిన సంగతి ఒప్పుకోకపోయినా చిరునవ్వు దాచుకోలేరు. 2009లో హైదరాబాదుకు చెందిన ఆరోనా టెక్నాలజీస్ రూపొందించిన 'హనుమాన్: బాయ్ వారియర్' ప్లేస్టేషన్ 2 ఆటపెట్టె కోసం విడుదలైంది. ఆ సంవత్సరమే ఇక్కడి గేమ్‌శాస్త్ర సంస్థ 'దేశీ అడ్డా' అనే ఆటను తయారుచేసింది. అందులో కబడ్డీ, గాలిపటాలు, గిల్లీదండా ఉన్నాయి. తెలంగాణ పల్లెలలో చిర్రగోనె అనీ, కోస్తాలో కర్రాబిళ్ళ అనీ పిలిచే ఆటే అది. మట్టిలో గుంట తవ్వి ఆడవలసిన ఆటను సోఫాలో కూర్చొని ఆడడం ఏమిటని పెద్దలు పెదవి విరవవచ్చు. కానీ గుంట తవ్వడానికి ప్రగతి నగర్‌లో మట్టి ఎక్కడున్నదో కూడా వారే చూపించాలి.

ఇక వయస్సు సంగతి. రెండేళ్ళ నుండి నాలుగేళ్ళ వయస్సు గల పిల్లలు తెర ముందు రోజుకు గంటకు మించి కూర్చోరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఐదు నుండి పదేళ్ళ వారికి అన్ని తెరలూ కలిపి రెండు గంటలలోపే ఉండాలని భారత శిశువైద్యుల అకాడమీ 2021 నాటి మార్గదర్శకాలలో పేర్కొన్నది. 'అన్ని తెరలూ' అన్నమాట ముఖ్యం. ఫోను, కార్టూను, ఆటపెట్టె అన్నీ ఆ రెండు గంటలలోనే ఇమడాలి. ఐదేళ్ళు నిండని పిల్లవాడికి ఆటపెట్టె కొనడంలో అర్థం లేదు. ఒక చేతితో నడిపిస్తూ రెండవ చేతితో దిక్కు చూడడం ఆ వేళ్ళకు అలవడని విద్య.

వేళ్ళ మాట వచ్చింది కనుక మరొక సంగతి. 2001లో మైక్రోసాఫ్ట్ తన తొలి ఎక్స్‌బాక్స్‌తో ఇచ్చిన కంట్రోలర్ పెద్దవారి చేతులకు సైతం పెద్దదైంది. జపాను విడుదల కోసం చిన్నది తయారుచేసి, తరువాత దానినే అంతటా ఇవ్వవలసి వచ్చింది. ఆరేళ్ళ వాడి బొటనవేలు మీటను చేరుతుందో లేదో పెట్టె మీది బొమ్మను చూచి చెప్పలేము. సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోటికి వాడిని వెంట తీసుకొనిపోయి చేతికిచ్చి చూడాలి. 2006లో వచ్చిన నింటెండో వీ ఆటపెట్టెలో చేతిని విసిరి ఆడవలసి ఉండగా, కంట్రోలర్లు చేజారి టీవీలకు తగలడంతో ఆ డిసెంబరులోనే సంస్థ మరింత దళసరి మణికట్టు పట్టీలను ఉచితంగా ఇచ్చింది. 2017లో విడుదలైన స్విచ్ ఆటల ముక్కలు గోరంత చిన్నవి. పసివారు మింగకుండా వాటికి డెనటోనియం బెంజోయేట్ అనే అతి చేదు పదార్థాన్ని పూస్తారు. పెద్దలు కొందరు పనిగట్టుకొని నాలుకకు తాకించి చూసి ముఖం చిట్లించుకున్నారు.

అన్నింటికంటె తక్కువగా ఆలోచించేది భాషను గురించి. నాకు తెలిసిన ఒక ఇంట్లో ఒకటవ తరగతి చదివే బాలునికి సాహసకథ వంటి గొప్ప ఆట కొనిచ్చారు. తెరపై పాత్రలు మాట్లాడుతుంటే కింద ఇంగ్లీషు వాక్యాలు పరుగెత్తేవి. వాడికి అక్షరాలు కూడబలుక్కొనడమే వచ్చు. "ఏం రాశాడక్కా?" అని ప్రతి నిమిషం అడిగేవాడు. ఎంసెట్ పుస్తకంలో తలదూర్చిన అక్క రెండు రోజులు చదివి పెట్టింది, మూడవరోజు విసుక్కుంది. వాడు ఆ ఆట మాని, చదవనక్కరలేని కాల్పుల ఆటలోకి జారిపోయాడు. దోషం వాడిది కాదు. చదువరాని పిల్లవాడికి చదవనక్కరలేని మంచి ఆటలూ ఉన్నాయి. 1985లో షిగేరు మియమోతో బృందం రూపొందించిన 'సూపర్ మారియో బ్రదర్స్' తొలి దృశ్యంలో ఒక్క సూచన కూడా వ్రాసి ఉండదు. ఎడమవైపు నిలిచిన మారియోకు ముందు ఖాళీ స్థలం ఉంటుంది కనుక పిల్లవాడు తానే కుడివైపు నడుస్తాడు. ఎదురుగా ఒక శత్రువు మెల్లగా వస్తుంది. తగిలితే ఆట పోతుంది, మళ్ళీ మొదలవుతుంది. రెండవసారి వాడు దూకుతాడు. ఆ విధంగా ఆటే గురువై నేర్పుతుంది. ఆట కొనే ముందు ఈ ఒక్క పరీక్ష పెట్టండి: మాటలు తీసివేసినా ఇది వాడికి అర్థమవుతుందా? కాకపోతే పక్కన కూర్చొని చదివిపెట్టే తీరిక ఎవరికి ఉంది?

యంత్రం ఖరీదుతో ఖర్చు ముగియదు. ప్లేస్టేషన్ 5 మన దేశంలో 2021 ఫిబ్రవరిలో విడుదలైనప్పుడు డిస్కు పెట్టే రకం ధర 49,990 రూపాయలు, డిస్కు లేనిది 39,990 రూపాయలు. పదివేలు ఆదా అయినట్లు కనిపిస్తుంది. కానీ నాడు పెద్ద ఆట ఒక్కొక్కటి 4,999 రూపాయల వరకు ఉండేది. డిస్కు ఉంటే పక్క ఫ్లాటువారితో మార్చుకోవచ్చు, ఆడడం అయ్యాక అమ్ముకోవచ్చు. డిస్కు లేని పెట్టెలో కొన్నది ఇతరుల చేతికి మారదు. అయితే ఆ యంత్రంతో పాటే 'ఆస్ట్రోస్ ప్లేరూమ్' అనే ముచ్చటైన ఆట ఉచితంగా వస్తుంది. చిన్నపిల్లవాడికి చాలాకాలం అదే చాలు. అసలు ఆరేళ్ళ వాడికి సరికొత్త యంత్రమే కావాలన్న నియమం లేదు. మీరు వాడి పక్కన పెట్టిన పాత పెట్టె ఉంటే, మీటలు నిలకడగా పనిచేస్తున్నాయో లేదో చూచి, అందులోని మీ ఆటలను తీసివేసి ఇవ్వవచ్చు. అమెరికా నుండి బాబాయి తెచ్చే పెట్టె విషయంలో మాత్రం జాగ్రత్త. అక్కడి విద్యుత్తు 120 వోల్టులు, ఇక్కడ 230. అక్కడ కొన్న ప్లేస్టేషన్ 2, ఎక్స్‌బాక్స్ 360 పెట్టెలను నేరుగా మన గోడకు తగిలించి కాల్చుకున్నవారున్నారు. తరువాతి యంత్రాలలో అధికభాగం రెండింటినీ తట్టుకుంటాయి, అయినా అడాప్టరుపై అచ్చువేసిన అంకెలను చదివిన తరువాతనే మీట నొక్కాలి. చెడిపోతే ఇక్కడ వారంటీ వర్తిస్తుందో లేదో కూడా ముందే అడగాలి.

ఆట పెట్టెపై ఉండే వయస్సు ముద్రను మనవారు ధర చీటీ అంత శ్రద్ధగా చూడరు. అమెరికాలో 1994 నుండి ఇఎస్‌ఆర్‌బి, ఐరోపాలో 2003 నుండి పెగి అనే సంస్థలు ఆటలకు వయస్సు నిర్ణయిస్తున్నాయి. పెగి ముద్రలో 3, 7, 12, 16, 18 అనే అంకెలుంటాయి. అవి ఆట కష్టాన్ని తెలిపే అంకెలు కావు, అందులోని హింస, భాష, భయం మొదలైనవాటిని తెలిపేవి. 18 అంకె గల 'గ్రాండ్ తెఫ్ట్ ఆటో'ను మూడవ తరగతి పిల్లలు బడి బస్సులో చర్చించుకోవడం నేను విన్నాను.

డబ్బు విషయంలో ముద్రలు కూడా చాలవు. ఆ సాహసకథ ఆట కొన్న ఇంట్లోనే తండ్రి మరొక ఆట కోసం ఖాతాలో నాలుగు వేల రూపాయలు జమచేశాడు. ఆయన స్నానం చేసి వచ్చేసరికి ఆ సొమ్ము ఒక బొమ్మసైనికుడి దుస్తులుగా, టోపీలుగా మారిపోయింది. పిల్లవాడికి తెరపై కనిపించినది నాణేల గుట్ట మాత్రమే, రూపాయలని తెలియదు. ఇది మన దేశపు పిల్లలకే జరిగినది కాదు. అనుకోకుండా కొనుగోళ్ళు జరిగేలా మీటలను అమర్చారన్న ఆరోపణపై 'ఫోర్ట్‌నైట్' తయారీదారైన ఎపిక్ గేమ్స్ 24.5 కోట్ల డాలర్లు వాపసు నిమిత్తం చెల్లించడానికి 2022 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ సంస్థతో అంగీకారానికి వచ్చింది. ఇటువంటి చిక్కుల నుండి తప్పించే ఏర్పాట్లు ఆటపెట్టెలలో ఉన్నాయి. పిల్లవాడి పేరిట వేరే ఖాతా తెరిచి, నిజమైన పుట్టినతేదీ వ్రాస్తే కొనుగోలును, అపరిచితులతో సంభాషణను, ఆడే సమయాన్ని పెద్దలు అదుపు చేయవచ్చు. తొందరలో తండ్రి పుట్టినతేదీ వ్రాస్తే యంత్రం ఆ ఆరేళ్ళ వాడిని నలభై ఏళ్ళ గృహస్థుగానే చూస్తుంది.

ఈ పనులన్నీ పుట్టినరోజు నాడు చేయబూనుకుంటే పిల్లవాడు ఏడుస్తాడు. కొత్త పెట్టెను తెరవగానే అది తాజా ప్రోగ్రాములను దింపుకోమంటుంది. ఆ దిగుమతికి ఇంట్లోని ఇంటర్నెట్టు వేగాన్ని బట్టి గంటలు పట్టవచ్చు. కేకు కోసిన తరువాత ఆరుగురు పిల్లలు తెరపై పాకుతున్న నీలిగీతను చూస్తూ కూర్చోవడం మంచి వేడుక కాదు. ముందురోజు రాత్రి వాడు నిద్రించిన తరువాత పెట్టె విప్పండి. టీవీకి తగిలించి, ఖాతా తెరిచి, తేదీ సరిచూచి, ఆటను దింపి, ఒకసారి మీరే ఆడి చూచి, మళ్ళీ అదే అట్టపెట్టెలో సర్ది రంగుకాగితం చుట్టండి. రెండు కంట్రోలర్లకూ ఛార్జింగు పెట్టడం మరువకండి. రెండవది ఎవరి చేతికి ఇవ్వాలో ఆ రాత్రే ఇంట్లో మాట్లాడుకొని ఉంచండి.