వంటింటికి గాజు గిన్నెలు

షాబాన్ నెల సగం గడిచేసరికి మన ఇళ్ళలో రంజాన్ సన్నాహాలు మొదలవుతాయి. ఖర్జూరాలు, శనగలు, సేమ్యాల జాబితాలో ఇటీవల మరో వస్తువు కూడా చేరుతోంది. తరిగిన ఉల్లిపాయలు, పుదీనా, అల్లం వెల్లుల్లి ముద్ద, నానిన శనగలు వేటికవి ముందుగానే సర్ది ఉంచుకోవడానికి పనికివచ్చే గాజు గిన్నెలు. రెండేళ్ళ క్రితం మా ఇంట్లోనూ ఈ ప్రస్తావన వచ్చింది. కోడలు కావాలన్నది. "గాజు ఎన్నాళ్ళు నిలుస్తుందమ్మా, ఇంటినిండా స్టీలు గిన్నెలు ఉండగా?" అన్నది అత్తగారు. ఇద్దరూ నా వైపు చూశారు. హదీసు పాఠం చెప్పేవాడికి గిన్నెల సంగతి కూడా తెలిసి ఉంటుందని వారి నమ్మకం కాబోలు!

ఆ నమ్మకం పూర్తిగా నిరాధారమైనదేమీ కాదు. బంగారు, వెండి పాత్రలలో తినడాన్నీ తాగడాన్నీ దైవప్రవక్త (స) నిషేధించారు. హజ్రత్ హుజైఫా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. గాజు విషయంలో అటువంటి ఆటంకం లేదు. గాజు, స్ఫటిక పాత్రలు వాడుకోవచ్చునని హనఫీ ధర్మశాస్త్ర గ్రంథం 'హిదాయా' స్పష్టం చేసింది. దివ్య ఖుర్ఆన్ 76వ సూరా స్వర్గవాసుల పాత్రలను వర్ణించే సందర్భంలో వెండినీ గాజునూ కలిపి ప్రస్తావిస్తుంది. వెండి తెలుపు, గాజు స్వచ్ఛత రెండూ వాటిలో కలిసి ఉంటాయని వ్యాఖ్యాతలు వివరించారు. కనుక అందమైన గిన్నెను కోరుకోవడం తప్పు కాదు. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్ వైపు నుండి కొర్డోబా చేరిన జిర్యాబ్ అనే సంగీతజ్ఞుడు, అక్కడి సంపన్నుల విందులలో బంగారు, వెండి పాత్రలకు బదులు గాజు పాత్రల వాడుకను ప్రవేశపెట్టాడని చరిత్రకారుడు మఖ్ఖరీ రాశారు. (అతని సంగీతంతో మనకు పని లేదు, గిన్నెల ముచ్చట చాలు.)

అంచుకు బంగారు రంగు గీత ఉన్న గాజు గిన్నెలు వాడవచ్చునా అని సోదరీమణులు తరచుగా అడుగుతుంటారు. పాత్ర నుండి వేరు చేసి తీయడానికి వీలులేని పైపూత మాత్రమే అయితే అభ్యంతరం లేదన్నది 'హిదాయా'లో ఉన్న మాట. నేటి గిన్నెల మీద సాధారణంగా కనిపించేది అటువంటి పూతే. అయినా వంటపనికి మాత్రం వద్దనే నేను చెబుతాను. ఆ గీతలో లోహం ఉంటే మైక్రోవేవ్‌లో నిప్పురవ్వలు లేస్తాయి. పైగా రోజూ తోమే గిన్నెకు ఆ గీత ఎక్కువ కాలం నిలవదు. సగం చెరిగిన బంగారు గీత కన్నా అసలు గీత లేని గిన్నే చూపుకు బాగుంటుంది.

గాజు గిన్నెకు అసలు అందం దాని స్వచ్ఛతే. పుదీనా పచ్చదనం, కారం ఎరుపు, పెరుగు తెలుపు అందులో కనబడతాయి. ఇది కేవలం కంటికి విందు కాదు. మూత తీయకుండానే ఏది ఎంత మిగిలిందో తెలుస్తుంది. ఫ్రిజ్‌లో వెనక్కు చేరి, నాలుగు రోజుల తరువాత పారబోయవలసివచ్చే స్టీలు డబ్బా సంగతి ప్రతి గృహిణికీ తెలిసిందే. దుబారాను ఇస్లాం ఎంతగా గర్హించిందో మనం ఉపన్యాసాలలో చెబుతూనే ఉంటాం. రంజాన్ నెలలో మన వంటిళ్ళ నుండి చెత్తబుట్టకు చేరే ఆహారం మాత్రం తగ్గడం లేదు. రంగు గాజు, చిత్రాలు వేసిన గాజు కన్నా నిర్మలమైన తెల్లగాజు మేలనడానికి కారణం ఇదే.

గాజుకు మరో సుగుణం ఉంది. పులుపుతో అది చర్య జరపదు. మన పెద్దల కాలంలో రాగి దేగిశాలకు కళాయి పూయించేవారు. కళాయి అరిగిపోతే చింతపండు పులుసు, పెరుగు ఆ పాత్రలో ఉంచేవారు కాదు. గాజు గిన్నెలో పెరుగు, నిమ్మరసం పట్టించిన మాంసాన్ని రాత్రంతా నిశ్చింతగా ఫ్రిజ్‌లో ఉంచవచ్చు. ప్లాస్టిక్ డబ్బాలకు పట్టే పసుపు మరక, వెల్లుల్లి వాసన దీనికి పట్టవు. అయితే 'లెడ్ క్రిస్టల్' పేరుతో తళుకులీనే బరువైన గిన్నెలను ఈ పనికి కొనకూడదు. వాటిలో సీసం ఉంటుంది. పుల్లని పదార్థాలు నిల్వ ఉంచితే అది ఆహారంలోకి దిగుతుంది.

కొనేటప్పుడు అది ఏ గాజో అడగాలి. మామూలు సోడా లైమ్ గాజు చవక. తరిగిన కూరలకు, చల్లని పదార్థాలకు అది చాలు. కానీ అందులో కాగిన నూనె తాళింపు పోస్తే పగలవచ్చు. అదే గాజును వేడిచేసి వేగంగా చల్లార్చి గట్టిపరచినది టెంపర్డ్ గాజు. దెబ్బకు కొంత ఆగుతుంది, పగిలితే మాత్రం చిన్న చిన్న ముక్కలుగా చెదిరిపోతుంది. వేడిచలువల మార్పును బాగా తట్టుకునేది బోరోసిలికేట్ గాజు. దానిలో సుమారు 12, 13 శాతం బోరాన్ ఆక్సైడ్ ఉంటుంది. వేడికి అది వ్యాకోచించడం మామూలు గాజులో దాదాపు మూడో వంతే. అందుకే త్వరగా పగులు తీయదు. అలాగని ఫ్రిజ్‌లో నుండి తీసిన గిన్నెను నేరుగా పొయ్యి మీద పెట్టమని కాదు. పెట్టె మీద ఏ గాజో రాసి ఉంటుంది, పేరును కాక దానిని చదవండి. 1915లో అమెరికాలో బోరోసిలికేట్ గాజుతో వచ్చిన పైరెక్స్ పేరుతోనే నేడు అక్కడ టెంపర్డ్ సోడా లైమ్ గిన్నెలు అమ్ముతున్నారు.

మూతలున్నవే తీసుకోండి. రాత్రివేళ పాత్రల మీద మూత ఉంచాలని, ఏమీ దొరకకపోతే అడ్డంగా ఒక పుల్లనైనా పెట్టాలని దైవప్రవక్త (స) ఆదేశించినట్లు హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించారు. అంచు మీద వేలు తిప్పి చూడండి. పెచ్చు ఊడిన చోట నోరు పెట్టి తాగడాన్ని దైవప్రవక్త (స) వారించినట్లు అబూదావూద్‌లో హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖనం ఉంది. పెచ్చు ఊడిన గాజు గిన్నెను ఇంకా కొంతకాలం వాడుదామనుకునే పొదుపు మంచిది కాదు. మసాలా పొడులకు అరచేతిలో ఇమిడే గిన్నెలు, ముద్దలకూ ఆకులకూ పావు లీటరువి, ఉల్లిపాయలకు అర లీటరువి సరిపోతాయి.

మాంసానికి ఎంత గిన్నె కావాలన్న చోటే మేము పొరబడ్డాం. కోడలు కుట్టుపని మీద సంపాదించిన డబ్బుతో ఒక సెట్టు కొన్నది. అందులో రెండు లీటర్ల పెద్ద గిన్నె చూడముచ్చటగా ఉండేది. ఆ రంజాన్‌లో ఒకనాడు అసర్ నమాజు వేళకు, మసాలా పట్టించిన మాంసంతో సహా అది ఆమె తడిచేతిలో నుండి జారింది. ఇఫ్తార్‌కు అతిథులు రావలసి ఉంది. నేను గట్టిగా కోప్పడ్డాను. ఆ అమ్మాయి బదులు చెప్పలేదు. వంగి ముక్కలు ఏరుతుంటే వేలు తెగింది. గాజు వద్దన్న అత్తగారే చీపురు తెచ్చి, ఆమెను పక్కన కూర్చోబెట్టి, తడిగుడ్డతో నేలంతా అద్ది, మాంసం పారబోసింది. గాజుముక్కలు పడిన ఆహారాన్ని పారబోయడం దుబారా కిందికి రాదు.

షవ్వాల్‌లో మదరసా తెరిచారు. కొన్ని నెలలకు ఏటా చెప్పే హదీసే పాఠంలో వచ్చింది. దైవప్రవక్త (స) ఒక సతీమణి ఇంట ఉండగా మరొక విశ్వాసుల మాత ఒక గిన్నెలో భోజనం పంపారు. ఆ ఇంటి వారు తెచ్చిన మనిషి చేతి మీద కొట్టడంతో గిన్నె పడి పగిలింది. దైవప్రవక్త (స) స్వయంగా ముక్కలనూ ఆహారాన్నీ పోగుచేశారు. మీ మాతకు రోషం వచ్చిందని మాత్రం అక్కడున్నవారితో అన్నారు. ఆ ఇంటి నుండే మంచి గిన్నె తెప్పించి పంపి, పగిలినదానిని అక్కడే ఉంచేశారు. ఇమామ్ బుఖారీ (రహ్మలై) ఈ హదీసును పరుల సొత్తుకు నష్టం కలిగించే అధ్యాయంలోనూ, వివాహ అధ్యాయంలోనూ చేర్చారు. పరిహారం చర్చను నేను ఏటా రెండు రోజులు చెబుతాను. వివాహ అధ్యాయంలో ఇదే హదీసు వచ్చినప్పుడు 'ముందే చదివాం' అని పేజీ తిప్పేవాణ్ణి. ఆ రోజు పరిహారం చర్చ మధ్యలోనే నాకు మాట తడబడింది. మా ఇంట పగిలిన గిన్నె అసలు ఎవరిది? కోడలిదే. ఇతరుల సొత్తే అయినచోట దైవప్రవక్త (స) కోప్పడలేదు. ఆమె సొత్తు ఆమె చేతిలో పగిలితే నేను కోప్పడ్డాను.

సాయంత్రం ఇంటికి వెళ్ళి ఆమెకు క్షమాపణ చెప్పుకున్నాను. "అయ్యో, అదంతా ఎప్పుడో మరచిపోయాను అబ్బా" అన్నది. మరచిపోలేదని ఆమె ముఖమే చెప్పింది.

మరుసటి షాబాన్‌లో అత్తాకోడళ్ళిద్దరూ కలిసి అంగడికి వెళ్ళారు. ఈసారి సెట్టు కాక, ఒకటి పగిలితే అదొక్కటే మళ్ళీ కొనుక్కునేలా విడిగా అమ్మే చోట చూశారు. చేతులు తడిపి పట్టి చూస్తామంటే అంగడివాడు నవ్వుతూ నీళ్ళు ఇచ్చాడట. రెండు లీటర్ల గిన్నెకు బదులు, అంచు కాస్త బయటికి వంగి పట్టు దొరికే లీటరు గిన్నెలు రెండు తెచ్చారు. అన్నీ ఒక్క జతగా లేవు గానీ, రెండూ ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి.