ఏ నట్టకు ఏ మందు?

వీధిలో కోళ్లు పెంచే ఆడవాళ్లు నన్ను పట్టుకుని అడిగేది ఒకటే: "బాబాయ్, నట్టల మందు ఏది మంచిది?" పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైనవాణ్ణి కదా, సీసా పేరు చెప్పేస్తానని వాళ్ల నమ్మకం. "ముందు రెట్ట చూశావా అమ్మాయ్?" అంటాను. ముఖం చిట్లిస్తారు.

మాది తణుకు పక్క పల్లె. చుట్టూ లేయర్ ఫారాలే. అక్కడ కోడి తీగల బోనులో ఉంటుంది, రెట్ట కిందికి జారిపోతుంది, అందువల్ల నట్టల బెడద తక్కువ. పెరటి కోడి అలా కాదు. పెంటకుప్ప గీరుతుంది, కాలవ నీళ్లు తాగుతుంది, దొరికిన పురుగునల్లా మింగుతుంది. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరళ్ల కోసమే తయారుచేసిన వనరాజా, గ్రామప్రియలైనా సరే, మట్టిలో తిరిగితే నట్టలు తప్పవు.

అయితే నట్టలన్నీ ఒకటి కావు. చిన్న పేగులో ఉండేది ఏలికపాము. తెల్లగా, గుండ్రంగా, బెత్తెడు పొడవుంటుంది. కూరకు కోసిన కోడి పేగు చీలిస్తే ఉడికిన సేమ్యాలా కుప్పగా బయటపడుతుంది. మరీ ఎక్కువైతే పేగుకు అడ్డుపడి కోడి చస్తుంది. గుడ్డిపేగుల్లో సెంటీమీటరు పొడవున్న సన్న పురుగులుంటాయి. కోడికి వీటివల్ల పెద్ద నష్టం లేదు కానీ, వీటి గుడ్లలో దాగి వెళ్లే సూక్ష్మజీవి టర్కీ కోళ్ల ప్రాణం తీస్తుంది. అందుకే టర్కీలను నాటుకోళ్లతో కలిపి పెంచొద్దంటాను. ఇక వెంట్రుకంత సన్నటివి పేగు గోడలో దూరి ఉంటాయి, కంటికి ఆనవు. నాలుగోది బద్దె పురుగు. తల పేగు గోడకు గుచ్చుకుని, చదునుగా, కణుపులు కణుపులుగా ఉంటుంది. దాని తోక వైపు కణుపులు తెగి రెట్టలో పడతాయి. పొద్దున్నే తాజా రెట్టను పుల్లతో కదిపి చూస్తే తెల్లటి చిన్న ముక్కలు మెల్లగా కదులుతూ కనిపిస్తాయి.

అవి వచ్చే దారులూ వేరు. ఏలికపాము గుడ్డు రెట్టతో నేలన పడి, తడి మట్టిలో రెండు మూడు వారాలు ముదిరాక కోడి నోట పడితే చాలు. బద్దె పురుగు గుడ్డు నేరుగా కోడినేమీ చెయ్యదు. దాన్ని చీమో పేడపురుగో తినాలి, ఆ చీమను కోడి తినాలి. ఎదురింటి కోడలి కోళ్లకు ఎన్నిసార్లు మందు పోసినా బద్దె పురుగు మళ్లీ వస్తుంటే వెళ్లి చూశాను. గూటిని ఆనుకునే చీమల పుట్ట!

ఇప్పుడు సీసాల సంగతి. అన్నిటికంటే పాతది, చవకైనది పైపరజిన్. నీళ్లలో ఇట్టే కరుగుతుంది. పెద్ద ఏలికపాములను సోలిపోయేలా చేసి బయటికి పంపుతుంది. దాని పని అంతవరకే. బద్దె పురుగున్న కోడికి పైపరజిన్ పోస్తే డబ్బులు నీళ్లలో పోసినట్టే. లెవామిసోల్ గుండ్రటి పురుగులన్నిటి మీదా పనిచేస్తుంది, బద్దె పురుగు మీద చెయ్యదు. పైగా మోతాదు మించితే కోడికే ప్రమాదం. ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ నట్టలను ఆకలితో మాడ్చి నిదానంగా చంపుతాయి. ఆల్బెండజోల్ మోతాదు పెంచితే బద్దె పురుగు మీదా పట్టు చూపుతుంది. కొత్త ఈకలు మొలిచే రోజుల్లో మాత్రం ఫెన్‌బెండజోల్ జోలికి పోవద్దు, ఈకలు వంకర పోతాయి. బద్దె పురుగుకు అసలైన మందు ప్రాజిక్వాంటెల్. ఐవర్మెక్టిన్ పేలకూ పిడుదులకూ పేరుపడింది, బద్దె పురుగును అది ఏమీ చెయ్యదు. దుకాణదారు "అన్నిటికీ ఇదే" అంటే సీసా తిప్పి లోపలున్న మందు పేరు చదవండి.

వేపాకు, వెల్లుల్లి, గుమ్మడి గింజలు పెట్టేవాళ్లున్నారు. పెట్టుకోండి, కానీ నిండా పట్టిన నట్టలను అవి దులిపేస్తాయని నేను నమ్మను. వక్కలోని సారాన్ని ఒకప్పుడు కుక్కల బద్దె పురుగులకు నిజంగానే వాడేవారు. మోతాదు కాస్త దాటితే విషం కాబట్టి పెరట్లో ఆ ప్రయోగాలొద్దు.

మందు కలిపిన నీళ్లు పళ్లెంలో పెట్టి చేతులు దులుపుకోవడం నాకు నచ్చదు. ఆల్బెండజోల్ నీళ్లలో కరగదు, అడుగున పేరుకుంటుంది. కోడేమో గేదెల కుడితి తొట్టి దగ్గర తాగి వస్తుంది. తవుడులో కలిపితే గయ్యాళి పెట్ట మిగతావాటి వాటా కూడా తినేస్తుంది. చీకటి పడి గూట్లో సద్దుమణిగాక ఒక్కోదాన్ని పట్టుకుని, తూచి, పొయ్యండి. డాక్టరు కిలోకు 10 మిల్లీగ్రాములు రాశారనుకోండి. కిలోన్నర పెట్టకు 15 మిల్లీగ్రాములు. రెండున్నర శాతం ఆల్బెండజోల్ మందులో మిల్లీలీటరుకు 25 మిల్లీగ్రాములుంటుంది, అంటే 0.6 మిల్లీలీటరు. నాలుగు కిలోల పందెం పుంజుకు 1.6. సూది తీసేసిన ఒక మిల్లీలీటరు సిరంజితో, ముక్కు పక్కనుంచి చుక్క చుక్కగా. బుస్సున కొడితే గాలిగొట్టంలోకి పోతుంది.

మందు పనిచేసిందో లేదో కోడి హుషారు చూసి తేల్చకండి. మందు వెయ్యడానికి ముందోసారి, వేసిన పది పద్నాలుగు రోజులకు మరోసారి, నాలుగైదు కోళ్ల తాజా రెట్ట పాలిథీన్ కవరులో కట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి. చిక్కటి ఉప్పునీళ్లలో కలిపితే నట్టల గుడ్లు పైకి తేలతాయి, మైక్రోస్కోపులో కనబడతాయి. రెండోసారీ అంతే ఉంటే ఆ మందుకు నట్టలు లొంగడం లేదన్నమాట, లేదా మోతాదు చాల్లేదు. ఏళ్ల తరబడి ఒకే మందు వాడేవాళ్లకు మొదటిదే జరుగుతుంది. పిల్లలు రెట్టలో నెత్తురు వేస్తుంటే అది నట్టల పని కాకపోవచ్చు, రక్తపారుడు కావచ్చు. దాని మందు వేరు, ఆలస్యం చెయ్యకూడదు.

గుడ్లు, మాంసం ఎన్నాళ్లు తినకూడదో సీసా మీద ఉంటుంది. లేకపోతే డాక్టర్ని అడగండి. సంక్రాంతికి కోయదలచిన పుంజుకు ఆ లెక్క ముందే చూసుకోవాలి. కొక్కెర తెగులు టీకా వేయించే ఉద్దేశం ఉంటే నట్టల మందు వారం ముందే పోసెయ్యండి. కడుపు నిండా నట్టలున్న కోడికి టీకా సరిగ్గా పట్టదు.