‘డార్క్ ఫేట్’ ఓటమి ఒక్క సినిమాది కాదు

టెర్మినేటర్ సిరీస్‌లో ఆరో సినిమా ఎందుకు మునిగిందో తెలియాలంటే వసూళ్లు చూస్తే చాలదు, తెగిన టికెట్లు లెక్కపెట్టాలి

‘టెర్మినేటర్: డార్క్ ఫేట్’ 2019 నవంబరు 1న అమెరికాలో విడుదలైంది. రాటెన్ టొమాటోస్ లెక్క ప్రకారం పది సమీక్షల్లో ఏడు అనుకూలంగానే వచ్చాయి. మొదటి రెండు సినిమాలకు దర్శకత్వం వహించిన జేమ్స్ కామెరాన్ నిర్మాతగా తిరిగొచ్చారు. 1991 తర్వాత ఈ సిరీస్ సినిమాల్లో కనిపించని లిండా హామిల్టన్ మళ్లీ సారా కానర్ అయ్యారు. ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ కూడా ఉన్నారు. ఇన్ని ఉన్నా, సుమారు 18.5 కోట్ల డాలర్లతో తీసిన సినిమాకు ప్రపంచమంతా కలిపి వచ్చింది 26 కోట్ల డాలర్లే.

పెట్టుబడి కంటే వసూలు ఎక్కువ కదా, మరి నష్టమెలా అన్న సందేహం రావచ్చు. గ్రాస్ వేరు, షేర్ వేరు. హాలీవుడ్ స్టూడియోకు అమెరికాలో గ్రాస్‌లో సుమారు సగం అందుతుంది, చైనాలో నాలుగో వంతే. 18.5 కోట్ల ఖర్చులో ప్రచారం లెక్క లేదు. అన్నీ కలుపుకుంటే నష్టం 12 కోట్ల డాలర్లు దాటుతుందని హాలీవుడ్ వాణిజ్య పత్రికలు అంచనా కట్టాయి.

ఎంతమంది చూశారు?

టికెట్ ధర ఏటా పెరుగుతుంది కాబట్టి డాలర్లలో పోలిక మోసం చేస్తుంది. అమెరికా, కెనడా వసూళ్లను ఆ ఏటి సగటు టికెట్ ధరతో భాగిస్తే ఎన్ని టికెట్లు తెగాయో సుమారుగా తెలుస్తుంది.

• 1984, ది టెర్మినేటర్: 3.84 కోట్ల డాలర్లు, టికెట్ 3.36 డాలర్లు – 1.14 కోట్ల టికెట్లు
• 1991, జడ్జిమెంట్ డే: 20.48 కోట్ల డాలర్లు, టికెట్ 4.21 – 4.86 కోట్ల టికెట్లు
• 2003, రైజ్ ఆఫ్ ది మెషీన్స్: 15.04 కోట్ల డాలర్లు, టికెట్ 6.03 – 2.49 కోట్ల టికెట్లు
• 2009, శాల్వేషన్: 12.53 కోట్ల డాలర్లు, టికెట్ 7.50 – 1.67 కోట్ల టికెట్లు
• 2015, జెనిసిస్: 8.98 కోట్ల డాలర్లు, టికెట్ 8.43 – 1.06 కోట్ల టికెట్లు
• 2019, డార్క్ ఫేట్: 6.23 కోట్ల డాలర్లు, టికెట్ 9.16 – 68 లక్షల టికెట్లు

1991లో ఏడుగురు చూసిన చోట 2019లో ఒక్కరే చూశారు. అప్పటికింకా పేరు రాని కామెరాన్ 64 లక్షల డాలర్లతో తీసిన తొలి సినిమాకు తెగినన్ని టికెట్లు కూడా ఈ భారీ సినిమాకు తెగలేదు.

అసలు విషయం ఆ తగ్గుదల తీరులో ఉంది. రెండో సినిమా నుంచి మూడోదానికి ప్రేక్షకులు సగమయ్యారు. అక్కణ్నుంచి ప్రతి సినిమాకూ సుమారు ముగ్గురిలో ఒకరు చొప్పున తగ్గుతూ వచ్చారు. 2009లో అంతే, 2015లో అంతే, 2019లోనూ అంతే. సమీక్షలు బాగున్న సినిమాకూ, బాగోలేని సినిమాకూ దెబ్బ దాదాపు సమానంగా తగిలింది. అందుకే ‘డార్క్ ఫేట్’ను ఒంటరి పరాజయంగా చూడకూడదు. పదహారేళ్లుగా సాగుతున్న జారుడులో అది చివరి మెట్టు.

విదేశీ వసూళ్ల తెర

ఈ జారుడు ఇంత స్పష్టంగా ఉంటే నిర్మాతలకు ఎందుకు కనిపించలేదు? 2015లో ‘జెనిసిస్’ ప్రపంచవ్యాప్తంగా 44 కోట్ల డాలర్లు వసూలు చేసింది. అందులో ఎనభై శాతం అమెరికా, కెనడాల బయటిదే. ఒక్క చైనాలోనే 11 కోట్లకు పైగా వచ్చాయి. సొంతగడ్డ మీద ప్రేక్షకులు వెళ్లిపోతున్న సంగతి ఆ అంకె చాటున దాగిపోయింది. ‘డార్క్ ఫేట్’ నాటికి చైనా వసూలు సుమారు 5 కోట్లకు పడిపోయింది. తెర తొలగి, ఉన్నది ఉన్నట్టు బయటపడింది.

కథ చెరిపేసిన నమ్మకం

మూడో సినిమా నుంచి ఆరోదాకా నలుగురు దర్శకులు మారారు. మధ్యలో హక్కులు చాలా చేతులు మారాయి. రెండో సినిమా తీసిన కరోల్కో 1995లో, నాలుగో సినిమా తీసిన హాల్సియన్ 2009లో దివాలా తీశాయి. ‘శాల్వేషన్’, ‘జెనిసిస్’, ‘డార్క్ ఫేట్’ – ఈ మూడింటినీ మూడేసి భాగాలుగా తీయాలనుకున్నారు. మూడుసార్లూ మొదటి భాగంతోనే ఆగిపోయారు.

ఆగిన ప్రతిసారీ ప్రేక్షకుడు సగం కథతో మిగిలాడు. తర్వాతి సినిమా ఆ సగాన్ని పూర్తి చేయకపోగా, అసలు జరగనే లేదంది. ‘జెనిసిస్’ 1984 నాటి కథనే తిరగరాసింది. ‘డార్క్ ఫేట్’ మూడు, నాలుగు, ఐదు సినిమాలను పక్కన పెట్టి రెండోదాని నుంచి కొనసాగింది. అంతటితో ఆగినా బాగుండేది. రెండో సినిమా అంతా ఏ పిల్లవాణ్ని కాపాడటం కోసం నడిచిందో, ఆ జాన్ కానర్‌ను మొదటి నిమిషాల్లోనే చంపేసింది. స్కైనెట్ పోయినా లీజియన్ అనే మరో యంత్రవ్యవస్థ వచ్చిందంది. భవిష్యత్తు నుంచి ఒక హంతకుడు, ఒక రక్షకుడు, మధ్యలో ఒక వేట – ఆ చట్రం మాత్రం మారలేదు. పాత గెలుపుకు విలువ లేకుండా చేశాక కొత్త గెలుపును ఎవరు నమ్ముతారు?

ఓపెనింగ్ కూడా ఇదే చెబుతుంది. ‘డార్క్ ఫేట్’ మొదటి మూడు రోజుల్లో 2.9 కోట్ల డాలర్లు రాబట్టింది. ‘జెనిసిస్’ మొదటి వారాంతపు 2.7 కోట్ల కంటే అది ఎక్కువే. కానీ అమెరికా, కెనడాల్లో ‘డార్క్ ఫేట్’ మొత్తం వసూలులో దాదాపు సగం ఆ మూడు రోజుల్లోనే వచ్చేసింది. ‘జడ్జిమెంట్ డే’ మొదటి వారాంతం దాని మొత్తంలో ఆరో వంతు కూడా లేదు. వీరాభిమానులు తొలిరోజుల్లోనే చూసేశారు. వాళ్లు వెళ్లి మరొకరికి చూడమని చెప్పలేదు, అందుకే లాంగ్ రన్ లేదు.

లిండా హామిల్టన్ నటన చూస్తే ఈ ఫలితం బాధ కలిగిస్తుంది. అరవై దాటిన నటి యాక్షన్ చిత్రాన్ని భుజాన మోయడం హాలీవుడ్‌లో అరుదు. ఆ శ్రమకు తగిన కథ దక్కలేదు.

ఆ తర్వాత ఇప్పటిదాకా మరో టెర్మినేటర్ సినిమా థియేటర్లకు రాలేదు. 2024లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘టెర్మినేటర్ జీరో’ యానిమే 8 ఎపిసోడ్లతో ముగిసింది.

ఇక్కడ నిర్మాతలకు చెప్పాల్సింది ఒకటే. సీక్వెల్‌కు తొలి పెట్టుబడి డబ్బు కాదు, అంతకు ముందు సినిమా మిగిల్చిన నమ్మకం. దాన్ని మీరే చెరిపేస్తే ఎన్ని కోట్ల డాలర్లు పోసినా తిరిగి రాదు. పాఠకులకూ ఒక మనవి: ఈసారి ఏ సీక్వెల్ పోస్టర్ మీదైనా ప్రపంచవ్యాప్త వసూళ్ల అంకె కనిపిస్తే, ఆ సినిమాను కిందటి భాగం కంటే ఎక్కువమంది చూశారా, తక్కువమంది చూశారా అని అడగండి.