కరకట్ట నుంచి మడ అడవి దాకా: కృష్ణా డెల్టా తీరంలో క్యారవాన్ యాత్ర

విజయవాడ తూర్పు అంచున, మేరీమాత కొండ పాదాన ఉన్న గుణదల పరిసరాల్లో రెండు నీటిదారులు సాగుతాయి. ఒకటి ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణ నుంచి విడివడి తూర్పుకు పోయే ఏలూరు కాలువ. రెండోది మైలవరం కొండల్లో పుట్టి, నగరానికి ఉత్తరంగా వచ్చి, ఎనికెపాడు వద్ద ఆ కాలువ కింది సొరంగం గుండా అవతలికి దాటి కొల్లేటిలో కలిసే బుడమేరు. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచెత్తిన ఏరు అదే కనుక దాని పేరు ఇప్పుడు రాష్ట్రమంతటికీ తెలుసు. ఈ రెండు నీళ్లూ, నగరం నుంచే బయలుదేరే బందరు కాలువ నీళ్లూ సముద్రం దిక్కుకే నడుస్తాయి కాబట్టి, ఇక్కడి నుంచి తీరానికి సాగే ఏ ప్రయాణమైనా నది చేసిన పనిని పై నుంచి కింది దాకా చూడటమే అవుతుంది. ఆ ప్రయాణానికి క్యారవాన్ ఎంతవరకు పనికివస్తుంది, ఎక్కడ దానిని ఆపి కాలినడకన సాగాలి అన్న ప్రశ్నకు జవాబు ఈ నేల స్వభావంలోనే ఉంది.

పడక, చిన్న వంటగట్టు, నీటి ట్యాంకు, మరుగుదొడ్డి ఒకే బండిలో అమర్చిన వాహనాన్ని క్యాంపర్ వ్యాన్ అంటారు. సినిమా షూటింగుల పుణ్యమా అని తెలుగువారికి క్యారవాన్ అన్న పేరే ఎక్కువ పరిచయం. 1950లో వోక్స్‌వ్యాగన్ కంపెనీ విడుదల చేసిన డబ్బా ఆకారపు వ్యాన్‌ను మరుసటి సంవత్సరం నుంచి వెస్ట్‌ఫాలియా అనే జర్మన్ సంస్థ నడిచే ఇల్లుగా మలచడంతో ఈ తరహా విహారం ఐరోపాలో మధ్యతరగతికి అందింది. మన దేశంలో 2021లో కేరళ దీనికోసం ప్రత్యేక విధానం ప్రకటించింది. అయితే ఇంటిని వెంట కట్టుకుని తిరగడం తెలుగువారికి కొత్త కాదు. 1830 మే నెలలో చెన్నపట్టణం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామి పల్లకీతో, డేరాలతో, పెద్ద పరివారంతో సాగి, తిరుగు ప్రయాణంలో గంజాం, విశాఖపట్నం ప్రాంతాల మీదుగా 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. మజిలీ ఎక్కడ, మంచినీళ్లు ఎక్కడ, దారి ఎలాంటిది అని ఆయన రోజూ రాసుకున్న విషయాలే నేటి క్యారవాన్ ప్రయాణికుడికి కూడా మొదటి అవసరాలు.

కృష్ణా డెల్టా నది మోసుకొచ్చిన ఒండ్రుతో ఏర్పడిన నేల. నది ఒండ్రును సముద్రంలో పోస్తుంటే అలలు అందులోని ఇసుకను ఏరి తీరం పొడవునా గట్లుగా పేర్చాయి, తీరం ముందుకు జరిగిన కొద్దీ పాత గట్లు లోపలే మిగిలిపోయాయి. తీరానికి సమాంతరంగా సాగే ఇసుక మెరకలంటే ఇవే. చుట్టూ రేగడి పొలాలూ రొయ్యల చెరువులూ ఉండగా మధ్యలో తాటిచెట్ల వరుస, దాని వెంట పొడవుగా ఒక ఊరు కనిపిస్తే అది ఒకనాటి సముద్రపు ఒడ్డు అయివుండవచ్చు. వాన నీరు ఆ ఇసుకలో ఇంకి, కిందనున్న ఉప్పునీటి కన్నా తేలిక కావడం వల్ల దానిపై పొరగా నిలుస్తుంది కాబట్టి, మెరక మీద చెలమ తవ్వితే తియ్యని నీరు ఊరుతుంది, అదే చోట మరికొంత లోతుకు పోతే ఉప్పునీరు తగులుతుంది. నది ఎగువన నాగార్జునసాగర్, శ్రీశైలం వంటి జలాశయాలు ఒండ్రును చాలావరకు ఆపేస్తున్నందువల్ల తీరం ముందుకు జరగడం మందగించి, కొన్నిచోట్ల సముద్రమే లోపలికి వస్తోంది. డెల్టాను చూడవచ్చే వారికి పుస్తకాలు సాధారణంగా చెప్పని సంగతి ఇది, కానీ తీరంలో వేళ్లు బయటపడి ఒరిగిన సరుగుడు చెట్లను చూసినప్పుడు కారణం వెతకవలసింది ఇక్కడే.

విజయవాడ నుంచి సముద్రానికి తిన్నని దారి మచిలీపట్నం వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి. అంత తిన్నగా కాకపోయినా చూడదగినది కృష్ణ ఎడమ గట్టు వెంట అవనిగడ్డ వైపు సాగే కరకట్ట దారి. కరకట్ట అంటే వరద నీరు పొలాల మీద పడకుండా నది వెంబడి పోసిన మట్టికట్ట. ఎత్తు మీద సాగుతుంది కనుక ఒక పక్క నది లంకలు, మరో పక్క అరటి, చెరకు, పసుపు తోటలు కనిపిస్తాయి. శ్రీకృష్ణదేవరాయలకు ఆముక్తమాల్యద రచనకు ప్రేరణ కలిగిన చోటుగా చెప్పే శ్రీకాకుళం గ్రామం, అక్కడి ఆంధ్ర మహావిష్ణువు ఆలయం, దానికి చేరువలో బౌద్ధ స్తూపం బయటపడిన ఘంటసాల ఈ దారి పరిసరాల్లోవే. ఎత్తయిన బండికి కట్ట మీద ఇరుకు మలుపులు, కిందికి వేలాడే కరెంటు తీగలు ఇబ్బందే కాబట్టి, పెద్ద క్యారవాన్ ఉన్నవారు పామర్రు, చల్లపల్లి, మోపిదేవి మీదుగా పోవడం మేలు.

పులిగడ్డ వద్ద కృష్ణ రెండుగా చీలుతుంది. చిన్న పాయ తూర్పుగా హంసలదీవి వైపు, పెద్ద పాయ దక్షిణంగా నాగాయలంక పక్క నుంచి సముద్రానికి సాగగా, రెండింటి నడుమ ఉన్న నేల దివిసీమ. చిన్న పాయ మీదుగా కాలువ నీటిని దివిసీమకు దాటించే పులిగడ్డ అక్విడక్టు, అంటే నదిని దాటడానికి కాలువకు కట్టిన వంతెన, బండి ఆపి చూడవలసిన నిర్మాణం. ఆ కాలువ నీరే ఈ దీవికి సాగునీరు, తాగునీరు కూడా.

దివిసీమ పేరు చెప్పగానే 1977 నవంబరు 19 గుర్తుకు రాక మానదు. ఆ రోజు తుపానుతో పాటు సముద్రం ఉప్పెనగా లేచి కోడూరు, నాగాయలంక పరిసర గ్రామాలను తుడిచిపెట్టింది, ఆ తుపానులో మరణించినవారు పది వేలకు పైమాటే. ఉప్పెన అంటే పెనుగాలి ఒత్తిడి వల్లా వాయుపీడనం తగ్గడం వల్లా సముద్రపు నీరు మొత్తంగా పైకి లేచి నేల మీదికి రావడం. లోతు తక్కువై నెమ్మదిగా వాలే ఇక్కడి సముద్రపు అడుగు ఆ ఎత్తును మరింత పెంచుతుంది. ఉప్పెన వేగాన్ని కొంతైనా విరిచేవి తీరంలోని మడ అడవులేనని ఆ తరువాతి దశాబ్దాల్లో ప్రభుత్వాలూ గుర్తించాయి. 1989లో ఏర్పడిన కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం సుమారు 195 చదరపు కిలోమీటర్ల మేర ఈ అడవులను కాపాడుతోంది.

హంసలదీవిలో వేణుగోపాలస్వామి ఆలయం దాటిన తరువాత పాలకాయతిప్ప సముద్రతీరానికి పోయే రోడ్డు మడ అడవి మధ్య నుంచే సాగుతుంది. ఈ యాత్ర మొత్తంలో ఎక్కువ సమయం కేటాయించవలసిన చోటు ఇదే. మడ చెట్లు పోటు నీటిలో మునిగి, పాటు వేళ బురదలో తేలే నేల మీద పెరుగుతాయి. ఆ బురదలో గాలి ఆడదు కనుక తెల్లమడ, నల్లమడ చెట్ల వేళ్లు కిందికి కాక పైకి, పెన్సిళ్లు గుచ్చినట్లు నిలబడి గాలి పీలుస్తాయి. వీటిని శ్వాసవేళ్లు అంటారు. నీటితో పాటు లోపలికి వచ్చిన ఉప్పును ఈ చెట్లు ఆకుల ద్వారా బయటికి నెట్టేస్తాయి కాబట్టి ఆకు మీద తెల్లని పొడి కనిపిస్తుంది. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం కనుక కొమ్మలు విరవకూడదు. రాత్రివేళ చేపలు పట్టే బావురుపిల్లి ఈ అడవి జంతువే అయినా, అది మనిషి కంట పడటం అరుదు. బురద మీద గెంతే చేపలు, ఒక గోరు మాత్రం పెద్దదైన పీతలు, నత్తల కోసం దిగే కొంగలు మాత్రం రోడ్డు పక్క నిలబడి పది నిమిషాలు కదలకుండా చూసిన ఎవరికైనా కనిపిస్తాయి. అడవి లోపలికి వెళ్లాలన్నా, పడవలో లంకలు చూడాలన్నా అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి.

తీరం చేరాక బండిని తారు రోడ్డు మీదే వదిలి, నది సముద్రంలో కలిసే సాగర సంగమం దాకా ఇసుక వెంట నడవడం ఉత్తమం. మాఘ పౌర్ణమికి వేలాది మంది స్నానాలకు వచ్చే ఈ చోటు మిగతా రోజుల్లో చాలావరకు నిర్జనం. ఇసుక తిన్నెల మీద బంతుల్లా ముళ్ల గుత్తులు వేసే రావణాసురుడి మీసాలు, మేకడెక్క ఆకారపు ఆకులతో నేల మీద పాకే ఊదాపూల తీగ కనిపిస్తాయి. ఎగిరే ఇసుకను పట్టి తిన్నెను నిలబెట్టేవి ఇవే కనుక వీటిని తొక్కుతూ పోకూడదు. నడకకు వేళ తెలుసుకోవడానికి గోడ క్యాలెండరు చాలు. బంగాళాఖాతంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి, ఇవి రోజురోజుకీ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల చుట్టూ నీరు బాగా పైకి వచ్చి బాగా వెనక్కి పోతే, అష్టమి నాటికి ఆ తేడా తగ్గుతుంది. వెళ్లే ముందు స్థానిక మత్స్యకారులను అడిగితే ఆనాటి పాటు వేళను వారు కచ్చితంగా చెప్పగలరు. సంగమం వద్ద ప్రవాహాలు మోసం చేస్తాయి, అక్కడ ఈత సాహసం కాదు, తెలివితక్కువతనం.

బండిని ఇసుక మీదికి తోలవద్దనడానికి అసలు కారణం ఆలివ్ రిడ్లే తాబేళ్లు. జనవరి నుంచి మార్చి దాకా ఆడ తాబేళ్లు రాత్రివేళ ఈ తీరానికి వచ్చి, ఇసుకలో గుంట తీసి, ఒక్కొక్కటి సుమారు వంద గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. ఒడిశాలోని గహిర్మాతలో మాదిరి ఒకేసారి వేలు లక్షలుగా కాక ఇక్కడ విడివిడిగా వస్తాయి కనుక ప్రతి గుంటా విలువైనదే. ఇసుక వేడినిబట్టే పిల్ల ఆడదో మగదో నిర్ణయమవుతుంది. అటవీ శాఖ గుడ్లను సేకరించి కంచె వేసిన చోట పాతిపెడితే ఏడెనిమిది వారాల్లో పిల్లలు పైకి వస్తాయి. సహజంగా పొదిగిన పిల్లలు సముద్రం మీది వెలుతురును గుర్తుపట్టి అటు పాకుతాయి. ఒడ్డున నిలిపిన క్యారవాన్ లైట్లు అంతకంటే ప్రకాశంగా ఉంటే అవి వెనక్కి తిరిగి నేల వైపే వస్తాయి. చక్రాల గాడి వాటికి దాటరాని కందకం. వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలు కింద రక్షణ పొందిన జీవికి రాత్రిపూట ఒక విహార వాహనం చేయగల హాని ఇంత ఉంది. అందుచేత ఆ నెలల్లో రాత్రి మజిలీ తీరాన కాక అవనిగడ్డలోనో నాగాయలంకలోనో పెట్టుకుని, తెల్లవారకముందే బయలుదేరి రావడం సరైన పద్ధతి.

మిగతా మజిలీలను తొందరగానే చెప్పవచ్చు. మచిలీపట్నం దగ్గరి మంగినపూడి తీరంలో నేల నల్లగా ఉంటుంది, నీరు చాలా దూరం లోతు లేకుండా సాగుతుంది. 1605లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు వర్తక స్థావరాలు పెట్టిన రేవుపట్టణం కనుక అక్కడి డచ్చి సమాధులు సాయంత్రపు నడకకు తగినవి. పులిగడ్డ, పెనుమూడి వారధి దాటి 216వ నంబరు జాతీయ రహదారిలో రేపల్లె మీదుగా వెళితే బాపట్ల వద్ద సూర్యలంక, చీరాల వద్ద వాడరేవు వస్తాయి. రెండూ మంచి ఇసుక తీరాలే అయినా సెలవు రోజుల్లో జనసమ్మర్దం ఎక్కువ. తిరుగు దారిలో కైకలూరు దగ్గరి ఆటపాకకు పోతే కొల్లేరులో గూడబాతులు, అంటే ముక్కు కింద సంచి ఉండే పెలికాన్లు, అటవీ శాఖ పెట్టిన ఇనుప మంచెల మీద గూళ్లు కట్టుకుని కనిపిస్తాయి. 1999లో అభయారణ్యంగా, 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యం గల రామ్‌సార్ చిత్తడి నేలగా గుర్తింపు పొందిన ఈ సరస్సు, గుణదల పక్కన పారే బుడమేరు చేరే చోటు కూడా.

ఈ యాత్రకు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. వాన కురిసిన రేగడి మీద మూడు టన్నుల బండి దిగబడితే ట్రాక్టరు తప్ప గతి లేదు. క్యారవాన్లకు ప్రత్యేకమైన స్థలం లేని చోట రాత్రి ఆగేముందు పంచాయతీని గానీ, స్థలం యజమానిని గానీ అడిగి తీరాలి. తీరానికి దగ్గరలో ఇసుక మెరకలు తప్ప మిగతా చోట్ల భూగర్భ జలం ఉప్పన కనుక బండి ట్యాంకును విజయవాడలోనే నింపుకోవాలి. వాడిన నీటిని, మరుగుదొడ్డి ట్యాంకును కాలువలో వదిలే హక్కు మాత్రం ఎవరికీ లేదు. బ్యారేజీ నుంచి వచ్చే ఆ కాలువ నీటినే శివారు గ్రామాలు మంచినీటి చెరువుల్లో పట్టుకుని, వేసవిలో కాలువలు కట్టేసిన వారాల్లో తాగుతాయి. అందువల్ల నగరంలో నీళ్లు నింపుకుని బయలుదేరిన ప్రతి బండీ తన మురుగును తిరిగి నగరానికే తెచ్చి వదలాలి.