సంపాదించే చెయ్యి ఆగిపోతే?

ఆ రోజు పొద్దున షిఫ్టుకు తయారవుతూ మా వారు బూట్లు వేసుకోవడానికి వంగారు. వంగినవారు మళ్లీ లేవలేదు! వేళాకోళమేమో అనుకున్నాను. మొహం చూశాక తెలిసింది. గోడ ఆసరాగా మెల్లగా లేపి మంచం మీద పడుకోబెట్టాను. పది రోజులు నాగా. కాంట్రాక్టరు దగ్గర పనిలో జీతంతో సెలవులు ఎక్కడివి? ఆ నెల చేతికి వచ్చింది మూడోవంతు తక్కువ.

మణుగూరులో ఉండేవాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. ఇక్కడ ఓపెన్‌కాస్ట్ గనులే ఎక్కువ. బొగ్గు పైనున్న మట్టీ రాయీ తీసే పనిని ఓబీ అంటాం. మా వారు ఆ ఓబీ పనిలో డంపరు నడుపుతారు. పద్నాలుగేళ్లుగా ఆ సీటు మీదే, ఆ గుంతల్లోనే.

ఆయన నిద్రపోతున్న ఒక మధ్యాహ్నం బీరువాలోని కాగితాలన్నీ తీసి కింద పరిచాను. కథలు రాసుకునేదాన్ని, లెక్కలంటే నాకు మొదట్నుంచీ భయమే. అయినా పాల లెక్క రాసే నోటుపుస్తకం వెనక పేజీలో మొదలుపెట్టాను. ఆయన వయసు 42. అరవై దాకా 18 ఏళ్లు, అంటే 216 నెలలు. నెలకు 24 వేల చొప్పున 51 లక్షల 84 వేలు. మా ఇంట్లో అంత ఆస్తి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు సుమండీ! అదంతా ఆయన నడుం మీద ఆధారపడి ఉంది.

మరి దానికి కాపలా ఏది? 3 లక్షల ఎల్‌ఐసీ పాలసీ ఒకటుంది. అది మనిషి పోతే వచ్చే డబ్బు. మనిషి ఉండి, పని చేయలేకపోతే? ఆ గడి ఖాళీగానే ఉండిపోయింది.

అలా జరిగే అవకాశం ఎంత అని వెతికాను. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వికలాంగులు 2.68 కోట్లు, వందకు 2.21 మంది. "ఇంతేనా!" అని ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత ఆలోచిస్తే అది వేరే లెక్క. ఒక రోజున తలలు లెక్కపెడితే వచ్చే అంకె అది. ఇవాళ బాగున్న కుర్రాడు నలభై ఏళ్ల ఉద్యోగంలో ఎప్పుడో ఒకప్పుడు ఆగిపోయే అవకాశం ఎంతో అది చెప్పదు. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ శాఖ ఆ రెండో లెక్క కూడా వేసింది. ఇరవై ఏళ్లవాళ్లలో రిటైరయ్యేలోపు ఇంచుమించు నలుగురిలో ఒకరికి ఆ గతి పట్టవచ్చట.

అది వాళ్ల దేశం. మన రోడ్లు వేరు, పనులు వేరు, మందులు వేసుకునే తీరు వేరు. అందుకని మా వీధి లెక్క నేనే వేశాను. పంతొమ్మిది ఇళ్లు. అరవై రాకముందే పని మానుకోవాల్సి వచ్చినవాళ్లు అయిదుగురు. గనిలో దెబ్బ తగిలినవాడు ఒక్కడే! ఇద్దరికి పక్షవాతం, ఇద్దరూ బీపీ మాత్రలు మధ్యలో మానేసినవాళ్లే. ఒకాయనకు షుగరు ముదిరి కిడ్నీలు పోయాయి. ఇంకొకరు అశ్వాపురం రోడ్డు మీద బండి మీంచి పడ్డారు. దీన్ని సర్వే అనరని నాకూ తెలుసు. కానీ మీరూ మీ వీధిని ఒకసారి అలా తలుచుకుని చూడండి.

గని ప్రమాదం అంటే గుండె గుభేలుమంటుంది. నడుంనొప్పికి ఎవరు భయపడతారు? కానీ 2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మందికి అది ఉందనీ, మనుషుల్ని పని చేయనివ్వని కారణాల్లో అదే మొదటిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గంటల తరబడి యంత్రం కుదుపుల్లో కూర్చోవడం నడుముకు మంచిది కాదని డాక్టర్లు ఎప్పట్నుంచో అంటున్నారు.

పీవీ కాలనీలో ఉండే వదిన వాళ్లాయన సింగరేణి పర్మినెంటు కార్మికుడు. కొత్తగూడెం మెడికల్ బోర్డులో అన్‌ఫిట్ అయ్యాక కొడుక్కి ఉద్యోగం వచ్చింది. పర్మినెంటువాళ్లకు కోటి రూపాయల ప్రమాద బీమా కూడా 2024లో పెట్టారు. "మీకేం వదినా!" అన్నాను ఉక్రోషంగా. "కొడుకు డ్యూటీకి పోతుంటే ఆ మనిషి గుమ్మంలో కూర్చుని చూస్తుంటాడే, అది నువ్వు చూడలేదు" అంది. ఇంకేమీ అనలేకపోయాను.

చట్టం ఏమంటుందో కూడా చూశాను. పనిలో ప్రమాదం జరిగి పూర్తిగా పనికిరాకుండా పోతే, నెల జీతంలో 60 శాతాన్ని వయసును బట్టి ఉండే ఒక అంకెతో హెచ్చవేస్తారు. నలభై ఏళ్లకు ఆ అంకె 184.17. 1923 చట్టం కింద లెక్కకు తీసుకునే జీతం 15 వేలు మించదని 2020లో ప్రకటించారు. ఆ చొప్పున 16 లక్షల 57 వేల 530 రూపాయలు. బొటనవేలు పోతే అందులో 30 శాతం. మరి నడుం? పనివల్లే పాడయిందని రుజువు చేయాలి. పద్నాలుగేళ్లు కొంచెం కొంచెంగా అరిగిందానికి సాక్ష్యం ఎక్కడ తెచ్చేది?

బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కోసుకునే సురక్షా బీమా ఉంది. పూర్తి వైకల్యానికి 2 లక్షలు, ఒక కన్నో కాలో పోతే లక్ష. అదీ ప్రమాదానికే, జబ్బుకు కాదు. అయినా కట్టండి, గృహిణులకూ వర్తిస్తుంది. ఇంటావిడ పనికి విలువేంటి అంటారా? లతా వాధ్వా కేసులో 2001లోనే సుప్రీంకోర్టు నెలకు 3 వేలని ఖరీదు కట్టింది. ఇప్పటి ధరలకు మీరే హెచ్చవేసుకోండి.

ఇక మిగిలింది, ఆదాయం ఆగితే ఎన్నాళ్లు నిలబడగలం అన్న లెక్క. చీటీ డబ్బు, పోస్టాఫీసులోది, నా రెండు గాజులు కలిపితే ఏడు నెలలు. పిల్లల ఫీజు తీసేస్తే అయిదు.

నోటుపుస్తకం ఆయన ముందు పెట్టాను. "ఏం కాదులేవే, ఇవన్నీ ఎందుకు రాస్తావు?" అన్నారు. 216 దగ్గర మాత్రం చూపు ఆగింది. సీటు స్ప్రింగు పోయి ఏడాదయిందన్న మాట అప్పుడు బయటపెట్టారు. ఎవరితో చెప్పలేదట, పనిలోంచి తీసేస్తారేమోనని! మర్నాడు సూపర్‌వైజరుకు చెప్పారు. స్ప్రింగు ఇంకా రాలేదు.

ఆ వారం ఇద్దరం ప్రభుత్వాసుపత్రికి వెళ్లాం. ఆయన బీపీ బాగానే ఉంది. నర్సమ్మ, "మీరూ చెయ్యి చాపండమ్మా" అంది. నేనెందుకు అంటూనే చాపాను. 158 మీద 96.

ఇంటికొచ్చి నోటుపుస్తకంలో నా పేరున ఇంకో పేజీ తీశాను.