లింగాకర్షక బుట్ట వెనుక ఉన్న గ్రాహకం

మానవపాడు పరిసరాల పత్తి, మిరప, కంది చేలలో తిరిగే విస్తరణ శాస్త్రవేత్తలకు లింగాకర్షక బుట్ట కొత్తది కాదు. శనగపచ్చ పురుగు ఉనికిని కనిపెట్టడానికి వాటిని అమర్చమని రైతులకు చెబుతూనే ఉంటారు. బుట్టలోని ఎర ఆడపురుగు వాసనకు అనుకరణ. అసలు ఆడపురుగు ఆ వాసనను ఎవరి ఆజ్ఞతో తయారు చేస్తుందన్న ప్రశ్న కీటక శాస్త్రజ్ఞులను జి ప్రోటీన్ అనుసంధాన గ్రాహకాల వద్దకు చేర్చింది.

చీకటి పడ్డాక ఆడపురుగు తలలోని నాడీకణాల నుండి పిబిఏఎన్ అనే పెప్టైడు రక్తద్రవంలోకి విడుదలై, పొట్ట చివరనున్న ఫెరోమోన్ గ్రంథిని చేరుతుంది. శనగపచ్చ పురుగుకు దగ్గరి జాతియైన హెలికోవెర్పా జియా నుండి 1989లో దీనిని వేరుచేసి, 33 అమైనో ఆమ్లాల గొలుసుగా నిర్ధారించారు. దాని గ్రాహకాన్ని 2003లో గుర్తించారు. కణత్వచాన్ని 7 సార్లు దాటే ఈ ప్రోటీను, పెప్టైడు తాకగానే ఆకృతి మార్చుకొని లోపలి జి ప్రోటీనును ప్రేరేపిస్తుంది. కణంలో కాల్షియం పెరిగి వాసన తయారీ మొదలవుతుంది. ఈ సంకేతాన్ని అడ్డుకోగలిగితే ఆడపురుగు మగపురుగును పిలవలేదు.

విద్యార్థులు ఇక్కడే తరచు పొరబడతారు. ఆ వాసనను పసిగట్టే మగపురుగు మీసాలలోని గ్రాహకాలు కూడా త్వచాన్ని 7 సార్లే దాటుతాయి; కాని వాటి అమరిక తలకిందులు, అవి అయాను మార్గాలుగా పనిచేస్తాయి. వాటిని ఈ కుటుంబంలో చేర్చరాదు.

మనిషిలో ఇటువంటి గ్రాహకాలు సుమారు 800 ఉన్నాయి. ఆమోదం పొందిన మందులలో దాదాపు మూడోవంతు వీటిపైనే పనిచేస్తాయి. వీటిపై కృషికి లెఫ్కోవిట్జ్, కోబిల్కాలకు 2012లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. సస్యరక్షణలో మాత్రం ఈ తలుపు దాదాపు మూసే ఉంది. ఆర్గానోఫాస్ఫేట్లు, పైరిత్రాయిడ్లు, నియోనికోటినాయిడ్లు అన్నీ నాడీవ్యవస్థలోని ఇతర లక్ష్యాలను తాకేవే. ఒకే లక్ష్యంపై పదేపదే పిచికారీ చేస్తే పురుగు తట్టుకోవడం నేర్చుకుంటుంది. ఖర్చు రైతు నెత్తిన పడుతుంది. కొత్త లక్ష్యాల అవసరం అక్కడినుండే పుట్టింది.

పశువుల పిడుదులపై వాడే అమిట్రాజ్ ఒక మినహాయింపు. అది ఆక్టోపమిన్ గ్రాహకాన్ని ప్రేరేపిస్తుంది. అయితే క్షీరదాలలోని ఆల్ఫా-2 అడ్రినర్జిక్ గ్రాహకాలనూ తాకుతుంది గనుక మోతాదు మించితే ప్రమాదం. పెప్టైడు గ్రాహకాలపై ఆశ ఎక్కువగా ఉండటానికి కారణం, వాటిలో కొన్ని కీటకాలకే ప్రత్యేకంగా ఉండటం. చిక్కు వేరొకచోట ఉంది: పెప్టైడు పురుగు చర్మం గుండా సులువుగా చొరబడదు, జీర్ణాశయంలో ముక్కలైపోతుంది. అందువల్ల దాని పని చేస్తూ, ఎండకూ ఎంజైములకూ నిలిచే చిన్న అణువు కోసం అన్వేషణ సాగుతోంది.